కనుబొమయు దారమును: ఒక ఆచారచరిత్ర పరిశీలనము

మన దేశమున నగలను గూర్చియు, వస్త్రములను గూర్చియు పరిశోధన గ్రంథములు వెలసినవి. కాని శరీరముమీదనే జరుగు సంస్కారములను గూర్చి, అందును స్త్రీలు స్త్రీలకు చేయు సంస్కారములను గూర్చి, వ్రాసినవారు తక్కువ. నేడు పట్టణములందే కాక పెద్ద గ్రామములందును దారముతో కనుబొమలను దిద్దు పని ఒక వృత్తిగా స్థిరపడినది. దీనిని జనులు 'థ్రెడింగు' అని వ్యవహరింతురు. ఇది వేలయేండ్లనాటి భారతీయ విద్య యని ప్రకటనలలో తరచుగా కనబడుచుండును. ఆరువేల యేండ్ల లెక్క చెప్పువారును కలరు. ఈ మాటకు ఆధారమేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

విచారణకు ముందు మూడు విషయములను వేరుపరుపవలసియున్నది. కనుబొమను సౌందర్యస్థానముగా భావించుట యొకటి. దానిని ఏదో యొక సాధనముతో దిద్దుకొనుట రెండవది. ఆ సాధనము దారమగుట మూడవది. మొదటిదానికి దొరకిన ఆధారమును మూడవదానికి అన్వయించుటవలననే పైని చెప్పిన ప్రకటనలకు బలము చేకూరినది.

మొదటి విషయమున మన వాఙ్మయము మిక్కిలి సంపన్నము. అమరసింహుడు కనుబొమకే కాక, రెండు బొమల నడిమి చోటునకు 'కూర్చము' అనియు, ఆ చోట నుండు రోమావర్తమునకు 'ఊర్ణ' అనియు వేరువేరు పేర్లు చెప్పినాడు. తెలుగున బొమ, కనుబొమ, బొమముడి అను మాటలు వాడుకలో నున్నవి. భరతుని నాట్యశాస్త్రము ఎనిమిదవ యధ్యాయమున భ్రూకర్మములు ఏడుగా చెప్పబడినవి: ఉత్క్షేపము, పాతనము, భ్రుకుటి, చతురము, కుంచితము, రేచితము, సహజము. మన ప్రబంధకవులకు కనుబొమ మన్మథుని విల్లగుట అందరెరిగినదే. 1914లో అవనీంద్రనాథ ఠాకూరు భారతీయ చిత్రకళలోని అంగవిన్యాసమును వివరించుచు, కనుబొమకు విల్లును, వేపాకును పోలికలుగా చూపినాడు. ఇన్నిటియందును మనకు లభించునది కనుబొమయొక్క ఆకృతి, దాని చలనము. ఆ యాకృతి ఏ సాధనముతో సిద్ధించెనో ఇవి చెప్పవు. విల్లువంటి బొమ గల నాయికను వర్ణించిన కవి, ఆ విల్లును వంచిన చేతిని ప్రస్తావింపలేదు.

సాధనములకొరకు వైద్యశాస్త్రమును చూడవలెను. సుశ్రుతసంహిత చికిత్సాస్థానము మొదటి యధ్యాయమున వ్రణమునకు అరువది యుపక్రమములు చెప్పబడినవి. వానిలో రోమాపహరణ మొకటి. రోమములు క్రమ్ముటవలన సరిగా మానని వ్రణమునుండి వానిని తొలగించుటకు క్షురము, కర్తరి, సందంశము, అనగా మంగలికత్తి, కత్తెర, పట్టుకారు, చెప్పబడినవి. పిమ్మట శంఖచూర్ణము రెండుపాళ్లు, హరితాళ మొకపాలు చేర్చి పుల్లని ద్రవముతో నూరిన లేపముకూడ కలదు. రోమములు లేనిచోట మొలిపించుటకు ఏనుగుదంతపు మసియు రసాంజనమును విధింపబడినవి. వాగ్భటుడు అష్టాంగహృదయ సూత్రస్థానమున ఆరంగుళముల చిన్న సందంశమును వర్ణించి, అది సూక్ష్మశల్యములను, కంటిలో గ్రుచ్చుకొను అదనపు రెప్పవెండ్రుకలను తీయుటకు ఉపయోగపడునని చెప్పినాడు. రోమమును తీయుటకు ఇంత విపులముగా సాధనములను లెక్కించిన ఈ ఘట్టములలో దారము కానరాదు.

పురావస్తువులును పట్టుకారు పక్షముననే సాక్ష్యము చెప్పుచున్నవి. మెసొపొటేమియాలోని ఊర్ నగర సమాధులలోను, మన హరప్పాలోను, ఒకే కడియమునకు గ్రుచ్చిన చిన్న లోహపు అలంకరణ సాధనములు దొరకినవి. వానిలో పట్టుకారు కలదు. కాని ఇచట ఒక హెచ్చరిక యవసరము. లోహము నేలలో నిలుచును, నూలు చివికిపోవును. తవ్వకములలో దారము దొరకకపోవుట దారపు పని లేదనుటకు నిదర్శనము కాజాలదు. అట్లని ఆరువేల యేండ్ల లెక్కకు అది ఆధారమును కాజాలదు.

ఇక తెలుగు ఇంటి ఆచారమును చూతము. ముఖమునందలి నూగును తగ్గించుటకు మన స్త్రీలు పసుపును, నలుగుపిండిని నమ్మిరి. పసిబిడ్డకు నలుగుపెట్టి రుద్దుటయందును, పెండ్లికూతురుకు మంగళస్నానమునకు ముందు నలుగు పెట్టుటయందును ఈ భావమే యున్నది. కనుబొమ విషయమున వాడుక మరియొకటి. ఆముదపు దీపపు మసితో చేసిన కాటుకతో బిడ్డకు బొమలు దిద్దుదురు. 'దిద్దు' అను ఈ క్రియ గమనింపదగినది. ఒజ్జ అక్షరమును దిద్దించును. తల్లి బొమను దిద్దును. రెండుచోట్లను లేనిదానిని చేర్చి రూపము కల్పించుటయే కాని, ఉన్నదానిని పెరికివేయుట లేదు. నేడు దారపు పనినికూడ 'కనుబొమలు దిద్దుట' యనియే చెప్పుచున్నాము. క్రియ పాతది, పని క్రొత్తది. ఇట్లు పాతమాట క్రొత్తపనిని కప్పుటవలన అది సనాతనమను భ్రమ కలుగుటకు వీలున్నది.

దారపు పని తీరును కొంత తెలిసికొనినగాని దాని చరిత్ర బోధపడదు. నూలుదారమును ఉచ్చుగా చేసి, నడుమ కొన్ని మెలికలు వేయుదురు. ఒక కొనను పంట బిగించియో, మెడకు తగిలించుకొనియో, రెండుచేతుల వ్రేళ్లను విప్పుచు మూయుచు నుండగా మెలిక ముందునకు వెనుకకు జరుగును. ఆ కదలికలో మెలికనడుమ చిక్కిన రోమములు కుదుళ్లతో లేచివచ్చును. పట్టుకారు ఒక్కొక్క రోమమును తీయగా, దారము ఒక వరుసను తీయును. దీనికి కావలసినది మూరెడు దారమును, నేర్చిన చేయియును. పరికరము ఇంత స్వల్పమైనచోట విద్య గ్రంథములో గాక చేతిలో నిలుచును. చేయి పోయిన దానితో విద్యయు పోవును.

ఈ పనికి గట్టి సాక్ష్యములు చీనా, పారసీక దేశములందు కానవచ్చుచున్నవి. చీనాలో వివాహసమయమున వధువు ముఖమునందలి నూగును దారముతో తీయుటకు 'ఖాయ్ ల్యెన్', అనగా 'ముఖమును తెరచుట', అని పేరు. పదునెనిమిదవ శతాబ్దిలో త్సావ్ శ్యుయెచిన్ రచించిన 'హుంగ్ లౌ మెంగ్' నవల పదునారవ యధ్యాయమున, ఒక యువతి ఉపపత్నిగా స్వీకరింపబడినదనుటకు గుర్తుగా ఈ సంస్కారము ప్రస్తావింపబడినది. భర్తయు సంతానమును గల పెద్ద ముత్తైదువచే ఈ పని చేయించుట వాడుక. పెండ్లిపనులకు ముత్తైదువలను పిలుచు తెలుగువారికి దీని భావము వెంటనే బోధపడును.

పారసీకమున ఈ పనికి 'బంద్ అందాజీ' యని పేరు. 'బంద్' అనగా దారము, కట్టు. అచటను వివాహమునకు ముందు దారపు సంస్కారము జరుగుట ఆచారము. పూర్వము అంతవరకు కన్య ముఖమును తాకనీయకుండిరి. దిద్దిన కనుబొమ వివాహితకు గుర్తుగా నుండెను. అట్లని అచటి సౌందర్యాదర్శము ఎల్లకాలమును ఒకటే కాదు. కజారు రాజుల కాలమున, పందొమ్మిదవ శతాబ్దిలో, కలిసిన దట్టపు బొమలును, స్త్రీల పెదవిపై సన్నని నూగును అందముగా భావింపబడినట్లు అఫ్సానే నజ్మాబాదీ 2005లో ప్రకటించిన గ్రంథమున నిరూపించినది. వధువును అలంకరించు స్త్రీకి ఆ నాగరకతలో 'మష్షాత' యని పేరు. హైదరాబాదు ఉర్దూలో ఈ మాటయే పెండ్లిసంబంధములు కుదుర్చు స్త్రీకి వాచకమైనది. మాట మన నేలకు వచ్చినది, అర్థము మారినది. మాటతోపాటు దారము వచ్చెనని దీనినిబట్టి తీర్మానింపరాదు. కాని పరిశోధించుటకు ఇది యొక దారి చూపుచున్నది.

ఇట్లు చూడగా ఒక విశేషము స్పష్టమగుచున్నది. ఆ రెండు దేశములందును దారము కేవలము అలంకారసాధనము కాదు. కన్యాత్వమునకును గృహిణీత్వమునకును నడుమనున్న గడప. తెలుగువారి వివాహమున ఆ గడప స్థానమును మంగళసూత్రము, మెట్టెలు ఆక్రమించినవి. మనకు దారము మెడలోనిదే కాని కనుబొమపైది కాదు. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున బ్యూటీ పార్లరులతో వ్యాపించిన దారపు పని, సంస్కారముగా గాక సేవగా, ముత్తైదువచేత గాక రుసుము పుచ్చుకొను పనిమంతురాలిచేత, మనకు పరిచితమైనది. కన్యయు గృహిణియు దాని కొక్కరీతిగనే పోవుదురు. ఆంగ్లనామముతోనే అది స్థిరపడుటయు ఈ రాకను సూచించుచున్నది.

దక్షిణాసియానుండి వలసపోయినవారితో ఈ పని అమెరికాకును వ్యాపించినది. టెక్సాస్ రాష్ట్రమున దారపు పనివారికి 750 గంటల శిక్షణ విధించిన నిబంధన వారి విషయమున చెల్లదని ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము 2015 జూన్ 26న తీర్పు చెప్పినది. ఆ గంటలలో 320 వరకు దారపు పనితో సంబంధము లేనివని న్యాయస్థానము గుర్తించినది. శాస్త్రకారులు విడిచిన చేతిపని ఈ విధముగా ఒక తీర్పులోనికి ఎక్కినది.

కనుబొమల ఆరోగ్యమును గూర్చియు కొంత చెప్పవలెను. తలవెండ్రుక ఏండ్లతరబడి పెరుగును. కనుబొమ వెండ్రుక కొన్ని వారములే పెరిగి ఆగిపోవును. కాననే అది పొట్టిగా నుండును. మాటిమాటికి పెరికినచో కుదురు దెబ్బతిని, రోమము మరల మొలవకపోవచ్చును. ఆముదము రోమమునకు మెరుగు పెట్టును గాని, క్రొత్త రోమములను మొలిపించునను నమ్మకమునకు గట్టి పరీక్షాధారము లేదు. దారపు పని పిమ్మట పులిపిరులు, చీముపొక్కులు కలిగిన సందర్భములును, బొల్లి గలవారికి అచట క్రొత్తమచ్చ లేచిన సందర్భములును చర్మవైద్యులు ప్రకటించినారు. ప్రతివారికి క్రొత్తదారము వాడుట, చేతులు కడుగుకొనుట, దారమును పంట పట్టక మెడకు తగిలించుకొనుట క్షేమము. అంతకంటె ముఖ్యమగు విషయ మొకటి కలదు. బొమల వెలుపలి భాగము తనంత తాను పలుచబడుట థైరాయిడ్ మాంద్యమునకు గాని, కుష్ఠువ్యాధికి గాని చిహ్నము కావచ్చును. కుష్ఠునకు మందు కలదు. త్వరగా గుర్తించినచో వైకల్యము తప్పును. కొన్ని వారముల కొకసారి ఒక స్త్రీ కనుబొమలను అతి సమీపమున చూచునది దారపు పనిమంతురాలే. ఆమెకు ఈ చిహ్నములు తెలిసిన, పెన్సిలుతో దిద్ది కప్పవలసిన లోపము వైద్యునియొద్దకు చేరును.

కావున మా నిర్ణయ మిది. కనుబొమను వర్ణించుటలో, ఆడించుటలో, కాటుకతో దిద్దుటలో మన సంప్రదాయము ప్రాచీనము. పట్టుకారును మనవా రెరుగుదురు. దారమును గూర్చి మాత్రము మేము పరిశీలించిన ఘట్టములు మౌనము వహించినవి. ఆ మౌనమును ప్రాచీనతగా ప్రకటించుట తగదు. అభావముగా నిర్ణయించుటయు తొందరపాటు. వ్రాసినవారు పురుషులు, ఈ పని చేసినవారు స్త్రీలు. కాన పరిశోధక విద్యార్థులు నిఘంటువులను విప్పుటతోనే ఆగక, పార్లరులలో పనిచేయు స్త్రీలయొద్దకు పోయి, వారీ పనిని ఎవరివలన నేర్చిరో, మెలికకు, పట్టునకు, తప్పునకు ఏ మాటలు వాడుదురో వ్రాసికొనవలెను. సుశ్రుతుడు కత్తిని, కత్తెరను వ్రాసిపెట్టినందుననే వానిని గూర్చి మనము మాటాడగలుగుచున్నాము. దారమును వ్రాసిపెట్టు పని మన తరమునకు మిగిలియున్నది.