పౌరశాస్త్రం: విధేయత నుండి హక్కు వరకు

పరాయి పాలనలో పాఠశాలల్లో ప్రవేశించిన పౌరశాస్త్రం ప్రధానంగా విధేయతను నేర్పింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి రాగా ప్రజలే ప్రభువులయ్యారు. పాఠం లక్ష్యమూ మారింది. 1952లో డాక్టర్ ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన ఏర్పడిన సెకండరీ విద్యా సంఘం, ప్రజాస్వామ్య పౌరులను తీర్చిదిద్దడం మాధ్యమిక విద్య ముఖ్య లక్ష్యాలలో ఒకటని పేర్కొన్నది.

1989లో ఓటుహక్కు వయస్సు 21 నుండి 18కి తగ్గింది. పదవ తరగతి ముగిసిన రెండు మూడేళ్లకే విద్యార్థి ఓటరవుతున్నాడు. చదువు అక్కడితో ఆగిపోయే బిడ్డకు రాజ్యాంగాన్ని బోధించే చివరి చోటు ఉన్నత పాఠశాలయే.

అల్పసంఖ్యాక భాషలవారు తమ విద్యాసంస్థలను నెలకొల్పుకొని నిర్వహించుకొనే హక్కును 30వ అధికరణం ప్రసాదించింది. తెలుగునాట వెలుపలి తెలుగు బడికి అదే అండ. ఆ సంగతి తెలియని విద్యార్థి రేపు తన బడిని కాపాడుకోలేడు. కనుక పౌరశాస్త్రం ప్రతి ఉన్నత పాఠశాలలోనూ తప్పనిసరి కావాలి.