కల్లెడ దీప్తి పరుగు



పారా క్రీడలనగానే మనకు చక్రాల కుర్చీల పందెమే గుర్తొస్తుంది. కంటికి కనబడే కష్టానికి మనం దారి ఇస్తాం, చెయ్యి అందిస్తాం. కనబడని కష్టానికి పేర్లు పెడతాం. మన మైపాడు తీరపు పల్లెల్లోనూ "గ్రహణంలో పుట్టింది" అనే మాట మేము విన్నాం. విని ఊరుకున్నాం కూడా.

వరంగల్ జిల్లా కల్లెడలో 2003లో పుట్టిన జీవాంజి దీప్తినీ అలాగే అన్నారు. పిచ్చిదన్నారు, కోతి అన్నారు, అనాథాశ్రమంలో వదిలేయమన్నారు. కూలి చేసుకునే తల్లిదండ్రులు వదల్లేదు. చెప్పింది గ్రహించడంలో ఆ బిడ్డ నెమ్మది. కాళ్లు మాత్రం చురుకు. కోచ్ నాగపురి రమేశ్ ఆ కాళ్లను చూశారు.

మేధో వైకల్యం గలవారు పరుగెత్తే టీ20 విభాగంలో, 2023 హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల 400 మీటర్లలో స్వర్ణం గెలిచింది. 2024 మే 20న జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు. పాతది అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్‌ది, 55.12. తేడా సెకనులో ఇరవయ్యో వంతు, రెప్పపాటైనా కాదు!

పారిస్ పారాలింపిక్స్ హీట్స్‌లో టర్కీకి చెందిన ఐసెల్ ఓండర్ ఆ రికార్డునూ దాటేసింది. సెప్టెంబరు 3న ఫైనల్లో దీప్తికి 55.82తో కాంస్యం వచ్చింది. మేధో వైకల్యం గల భారత క్రీడాకారులలో పారాలింపిక్ పతకం ఆమెదే మొదటిది. తరువాత అర్జున అవార్డు.

మన సంఘంలో ఆదివారం బడికి పంపకుండా ఇంట్లోనే ఉంచిన బిడ్డలు ఇద్దరున్నారు. శనివారం సాయంత్రం వాళ్ల ఇళ్లకు వెళ్తున్నాం. వచ్చేవాళ్లు నాలుగింటికి మందిరం దగ్గరికి రండి.