గడ్డివాము నుంచి గడ్డికట్ట దాకా

ఎర్రమంజిల్ ఆఫీసుల్లో నాతో పనిచేసిన మిత్రులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. 1970లలో అమీర్‌పేట, పంజాగుట్ట సందుల్లో ఇంకా బర్రెల కొట్టాలుండేవి. వాటికి పల్లెల నుంచి వరిగడ్డి లారీల్లో విడిగా వచ్చేది. ఏనుగంత ఎత్తున పేర్చినా తూకం మాత్రం తక్కువే. కొట్టాలవాళ్లు గడ్డికన్నా అందులోని గాలికే ఎక్కువ కిరాయి కట్టేవారని చెప్పాలి. ఇప్పుడు ఆ సందుల్లో కోచింగ్ సెంటర్లు, పైన మెట్రో.

గడ్డిలోని ఆ గాలిని తీసి కట్ట కట్టేదే బేలర్ అనే యంత్రం. దీని చరిత్ర చాలా పాతది. అమెరికాలో పందొమ్మిదో శతాబ్దంలోనే గుర్రాలు తిప్పే గడ్డి ప్రెస్సులుండేవి. నొక్కడం యంత్రం పని, కట్టడం మనిషి పని. 1878లో జాన్ యాపిల్‌బీ అనే ఆయన పురికొసతో దానంతటదే ముడివేసే పరికరానికి పేటెంటు పొందాడు. అయితే అది కోసిన పనలు కట్టడానికి. ఆ ముడి గడ్డి బేలర్‌లో కుదురుకోవడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. పెన్సిల్వేనియాకు చెందిన ఎడ్విన్ నోల్ట్ తయారుచేసిన నమూనాతో న్యూ హాలండ్ కంపెనీ 1940లో యంత్రాలను అమ్మకానికి పెట్టింది. గుండ్రటి కట్టల యంత్రానికి ఉమ్మో లూబెన్ 1910లోనే పేటెంటు పొందినా, ఆలిస్ చామర్స్ వారి రోటో బేలర్ వచ్చింది 1947లో.

మనకు ఇంత ఆలస్యం ఎందుకైంది? అవసరం లేక. కొడవలితో కోసి కళ్లంలో కొట్టిన గడ్డి పొడవుగా చేతికొచ్చేది, వాము వేస్తే ఏడాది గడిచేది. హార్వెస్టర్ వచ్చాక గడ్డి మడిలోనే చెదిరిపడుతోంది. ఏరడానికి కూలీలు దొరకక చాలామంది నిప్పు పెడుతున్నారు. ఒక పక్క పొగ, మరో పక్క పాడికి మేత కరువు. ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

సూర్యాపేట వైపు వ్యవసాయం చేసే మా మేనల్లుడు రెండేళ్ల కిందట పంజాబు నుంచి వచ్చిన ఒక పాత బేలర్ కొన్నాడు. పెట్టె ఆకారపు కట్టలు కట్టే రకం. నేనూ వెళ్లి చూశాను. తుప్పు పెద్ద సమస్య కాదు, చిక్కంతా ముడి దగ్గరే. చిలుక ముక్కులాంటి కొక్కెం అరిగితే ముడి జారుతుంది, సూది వంకరపోతే తాడు అందదు. కొక్కెం మార్చి, సూదులు సరిచేయించి, గడ్డి కోసే కత్తికి పదును పెట్టించాడు. చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కొక్క ముడి పడడం చూశాకే ట్రాక్టరుకు తగిలించాడు.

ఒక చిన్న బోల్టు మాటిమాటికీ తెగుతుంటే మెకానిక్ గట్టిది వేద్దామన్నాడు. మావాడు ఒప్పుకోలేదు. లోపల ఏదైనా అడ్డుపడితే ముందు ఆ బోల్టు తెగి పెద్ద యంత్రాన్ని కాపాడాలన్నదే ఏర్పాటు. మన ఆఫీసుల్లో ఆ బోల్టు ఎవరో గుమాస్తాలకు వేరే చెప్పనక్కర్లేదు!

తడి గడ్డి కడితే బూజు పడుతుంది. ప్లాస్టిక్ తాడైతే మేత వేసేముందు పూర్తిగా తీసేయాలి, లేకుంటే పశువు కడుపులోకి పోతుంది. ట్రాక్టరు ఆపకుండా లోపల చెయ్యి పెట్టడానికి ఇంట్లో పిల్లలను కూడా దగ్గరికి రానివ్వడు.

మొదటి రోజు మూడు కట్టల్లో ఒకటి విడిపోయింది. మొన్నటి యాసంగిలో తన పొలం, ఇరుగుపొరుగు పొలాలూ కట్టాడు. వాటిలో ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. పెట్టిన డబ్బు ఇంకా పూర్తిగా రాలేదట. వానాకాలం కోతల్లోపు ఒక సూది మార్చాలంటున్నాడు.