మింటి చిత్రములు, అడవి చేలు

గోదావరికి దక్షిణమున రామగుండము, ఉత్తరమున మంచిర్యాల. ఈ రెండు ఊళ్ల నడుమ నేలను పైనుండి చూచినచో నలుపును తెలుపును తమ తుదిమెట్టున కానవచ్చును. బొగ్గు గనులు, విద్యుత్కేంద్రమునకు నీరందించు జలాశయము, నల్లరేగడి చేలు ఒకవైపు. వేసవి యెండకు కన్నులు మిరుమిట్లు గొలుపు గోదావరి ఇసుక, బూడిద చెరువు మరియొకవైపు. ఫోటోలు తీయు అలవాటున్నవారు ఇట్టి చోట పడు తిప్పలు ఎరుగుదురు. ఇసుకకు తగినట్లు కెమెరా సరిచేసికొనిన బొగ్గుగని మసిముద్ద యగును. గనికి తగినట్లు సరిచేసికొనిన ఇసుకమేటలు తెల్లకాగితమువలె మిగులును.

ఈ చిక్కు నేలపై నిలిచిన ఫోటోగ్రాఫరునకే కాదు, మింట తిరుగు కెమెరాకును తప్పలేదు. ఆ కెమెరా దీనినుండి మెల్లమెల్లగా బయటపడిన విధమును, అది బయటపడక మునుపే గడచిపోయిన ఒక తేదీని గూర్చి ముచ్చటింపదలచితిమి. ఆదిలాబాదు అడవులలోని గిరిజన కుటుంబముల భూమిహక్కు ఆ తేదీతో ముడివడియున్నది.

మొదట కెమెరా సంగతి. 1988 మార్చి 17న సోవియట్ దేశపు బైకనూరు నుండి మన ఐ.ఆర్.ఎస్. 1ఏ ఉపగ్రహము నింగికెగసెను. దాని కెమెరా మన చేతి కెమెరావలె ఒక్క క్షణమున బొమ్మనంతటిని పట్టునది కాదు. వెలుగును విద్యుత్తుగా మార్చు 2048 సూక్ష్మ గ్రాహకములు అందు ఒకే వరుసలో పేర్చబడియుండెను. ఉపగ్రహము ఉత్తరమునుండి దక్షిణమునకు సాగుచుండగా ఆ వరుస నేలపై ఒక గీతను చదువును. చదువుట ముగియునప్పటికి ఉపగ్రహము ముందుకు జరిగి తరువాతి గీతకు వచ్చియుండును. సిరిసిల్ల మగ్గముపై పేక దారము ఒక్కొక్కటే పడి గుడ్డ యగునట్లు, గీత వెంట గీత చేరి చిత్రమగును. ఆ గుడ్డ పన్నా 148 కిలోమీటర్లు! పెన్‌గంగ నుండి మానేరు దాక నేయుటకు అర నిమిషము పట్టదు. ఈ గ్రాహకములకు సి.సి.డి. అని పేరు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అను ఇరువురు దీనిని కనుగొనిరి. నోబెల్ బహుమానము వారికి నలుబదియేండ్ల తరువాత, 2009లో అందెను.

గ్రాహకమునకు తగిలిన వెలుగును అంకెగా మార్చవలెను. అసలు కథ ఇచటనే యున్నది. శ్రోతలలో సంగీతప్రియులకు ఒక పాత తగవు జ్ఞాపకముండవచ్చును. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును వెలివేసెను. 1971 వరకు ఆ నిషేధము తొలగలేదు. మెట్టునకును మెట్టునకును నడుమనున్న స్వరము ఆ పెట్టెలో పలుకదనునది ఆరోపణ. వయొలిన్ తీగపై వ్రేలు జారిన గమకము పలుకును. హార్మోనియముపై ఒక మెట్టు విడిచి మరియొక మెట్టు నొక్కవలసినదే. డిజిటలు కెమెరాయును ఒక విధమగు హార్మోనియమే. కారుచీకటికిని పట్టపగటి తెలుపునకును నడుమ దానికి ఎన్ని మెట్లున్నవనునదే ప్రశ్న. ఆ లెక్కను బిట్లలో చెప్పుదురు. ఒక బిట్టునకు రెండు మెట్లు, నలుపు లేదా తెలుపు. బిట్టు ఒకటి పెరిగినప్పుడెల్ల మెట్లు రెట్టింపగును: ఏడు బిట్లకు 128, పది బిట్లకు 1024, పండ్రెండు బిట్లకు 4096.

1957లో వాషింగ్టనులో రసెల్ కిర్ష్ అను ఆయన తన పసికందు ఫోటోను తొలిసారిగా యంత్రముచే గీతలు గీతలుగా చదివించి అంకెలలోనికి మార్చెను. ఆ యంత్రమునకు తెలిసినది ఒక్క బిట్టే. అందుచే ఆయన వెలుగు హద్దును మార్చి మార్చి అదే ఫోటోను పలుమార్లు చదివించి, ఆ ప్రతులను కలిపి బూడిదరంగులను సాధించెను. ఓపికగల తండ్రి! బల్లపై కదలక పడియున్న ఫోటోకు ఆ ఉపాయము చెల్లినది గాని, పరుగిడు ఉపగ్రహమునకు చెల్లదు. అది చూచినప్పుడు పట్టినదే దక్కుదల. 1972లో అమెరికా పంపిన తొలి లాండ్‌శాట్, ఊగుచుండు అద్దముతో భూమిని చదివి 64 మెట్లలో చెప్పెను. 1974లో మన జాతీయ దూరసంవేదన సంస్థ ఏర్పడెను. 1979లో షాద్‌నగర్ వద్ద భూకేంద్రము వెలసినది. ఐ.ఆర్.ఎస్. 1ఏ 128 మెట్లు ఇచ్చెను.

చిత్రమందలి ఒక్కొక్క గడి నేలపై ఎంత చోటునకు సమానమో మన రైతుల లెక్కలో చెప్పుట మేలు. 1988 నాటి ఉపగ్రహమున రెండు రకముల కెమెరాలుండెను. ఒకదాని గడి ఇంచుమించు 52 గుంటలు, అనగా ఎకరము పండ్రెండు గుంటలు. రెండవదాని గడి 13 గుంటలు. 1995లో వెడలిన ఐ.ఆర్.ఎస్. 1సి రంగుల కెమెరాతో గడి ఐదున్నర గుంటలకు దిగెను. గడి చిన్నదైనది గాని మెట్లు మాత్రము 128 దగ్గరనే నిలిచెను. ఆ కొద్ది మెట్లలోనే మేఘపు తెలుపునకును ఇసుక తెలుపునకును చోటుంచవలెను గనుక, నల్లని నీటికిని చిక్కని అడవికిని దక్కినవి మరీ కొన్ని. రేడియో గొంతు పెంచి తగ్గించునట్లు, వెలుగును పెంచి తగ్గించు ఏర్పాటు ఉండెను. కాని పెంచిన ఇసుక తెల్లబోవును, తగ్గించిన అడవి ముద్దయగును. రామగుండములో మనము చూచిన చిక్కే ఇది.

ఇక అడవి సంగతి. నిజాము పాలనలో ఆదిలాబాదు అడవులను రిజర్వు చేయుటతో గోండు, కొలాము పల్లెలు అనేకము చెదరిపోయెను. 1940లో జోడెఘాట్ వద్ద కుమురం భీము నేలకొరిగెను. ఆ పిమ్మట ప్రభుత్వము హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుని అచటికి పంపగా, ఆయన మార్లవాయిలో నివసించి గోండుల జీవితమును పరిశీలించి, 1948లో గ్రంథము ప్రకటించెను. ఆ దశాబ్దమున పట్టాలు పొందిన కుటుంబములు ఉన్నవి, పొందనివియును ఉన్నవి. పొందనివారి సమస్య అర్ధశతాబ్దము నడచి 2006 నాటి అటవీహక్కుల చట్టము వరకు వచ్చెను. 2005 డిసెంబరు 13 నాటికి అడవిభూమిని సాగుచేయుచున్న గిరిజనునకు దానిపై హక్కు కలదని ఆ చట్టము చెప్పినది. ఆ తేదీ పంటకాలమును బట్టి పెట్టినది కాదు. లోకసభలో బిల్లు ప్రవేశపెట్టిన దినమది. చూపవలసిన సాక్ష్యములలో ఉపగ్రహ చిత్రమును ఒకటిగా 2008 నాటి నిబంధనలు పేర్కొనినవి.

ఆనాటి చిత్రము ఏమి చెప్పగలదో చూతము. గోండు రైతు పోడుచేను చేయునప్పుడు ఇప్పచెట్టును నరుకడు. పువ్వు తిండికి, గింజ నూనెకు, చెట్టు దేవతకు. అందుచే ఆతని చేను గుండుగొరిగిన మైదానము కాదు, చెట్లు చెట్లుగా నిలిచిన నేల. డిసెంబరు మాసమున కోతలు ముగిసిన జొన్న మోళ్లపై ఇప్పనీడలు పడియుండును. ప్రక్కన అడవియును చలి ముదిరిన కొలది ఆకు రాల్చు టేకు అడవియే, ఏడాది పొడుగునా పచ్చగా నుండునది కాదు. ఎకరము చేనునకు ఏడెనిమిది గళ్లు. వానిలో సగము గట్టును అడవి అంచును కలిసిన గళ్లు. ఇప్పచెట్ల చేనునకును పలుచని టేకునకును నడుమ భేదము రెండు మూడు మెట్లే యైనచో, కంప్యూటరు ముందు కూర్చున్నవాడు ఏమని తీర్పు చెప్పును?

2005లో మన మింటనున్న కెమెరాలు తక్కువవి కావు. 2003లో వెడలిన రిసోర్స్‌శాట్ 1లో మూడు కెమెరాలుండెను. వానిలో పది బిట్లు నేలకు పంపగలిగినదాని గడి 31 గుంటలు. ఒక పేద గిరిజనుని చేను అందులో ఒక్క చుక్క. ఐదున్నర గుంటల గడి కలది ఏడు బిట్లదే. గుంటలో మూడవవంతు చోటును చూడగల మూడవ కెమెరా ఒక వింత. అది లోలోపల 1024 మెట్లు లెక్కించియు, క్రిందికి పంపు దారి ఇరుకగుటచే 128 మాత్రమే ఏరి పంపెడిది. అనగా కెమెరా చూచినది, భూకేంద్రమునకు చేరలేదు. 2005 మే నెలలో కార్టోశాట్ 1 పది బిట్లతో, రెండున్నర మీటర్ల గడితో వెడలెను గాని అది రంగులెరుగని కెమెరా. పచ్చని ఆకును పట్టియిచ్చు పరారుణ కాంతి దానికి వేరుగా కానరాదు.

2011 ఏప్రిల్ 20న రిసోర్స్‌శాట్ 2 ఎగసెను. మొదటిదానిలోని మూడు కెమెరాలే, ఆ గళ్లే. కాని చిన్న గళ్లు కల రెండు కెమెరాలును పది బిట్లను, విశాలముగా చూచునది పండ్రెండు బిట్లను క్రిందికి పంపెను. ఇసుక చెదరకుండ, అడవి ముద్దకాకుండ, నీటిలోని ఒండ్రు మట్టి జాడయును ఒకే చిత్రమున పట్టుటకు వీలైనది. శ్రీరామసాగరము, కడెము, దిగువ మానేరు జలాశయములను పరిశీలించువారికి ఇది గొప్ప వరమే. పోడు రైతునకో, ఐదు సంవత్సరముల నాలుగు మాసములు ఆలస్యమైనది. క్రొత్త కెమెరా ఎంత లోతైనదైనను 2005 డిసెంబరునకు వెనుదిరిగి చూడజాలదు.

చిత్రము గిరిజనునకు శత్రువని మేము అనుట లేదు. ఆ తేదీకి తరువాత చిక్కని అడవిని కొట్టి, పాత సాగని చెప్పుకొనిన చోట్లను పట్టియిచ్చునదియు అదే చిత్రము. చిక్కని అడవికిని బోడినేలకును మెట్లు కావలసినన్ని యున్నవి. తగవు వచ్చునది నడుమ మెట్లలో, ఇప్పచెట్ల చేలలో. అచట చిత్రము మౌనము వహించినప్పుడు, ఆ మౌనమును 'సాగు లేదు' అని చదువుట న్యాయము కాదని మా అభిప్రాయము. 2012లో సవరించిన నిబంధనలు కూడ ఉపగ్రహ చిత్రము ఇతర సాక్ష్యమునకు తోడు రావచ్చునే గాని దాని స్థానమున నిలువరాదని స్పష్టముగా చెప్పినవి.

ఆ ఇతర సాక్ష్యము లేవనగా: చేనిగట్లు, చదును చేసిన నేల, బావి, గుడిసె, పూర్వుల సమాధులు, దేవతల తావులు, హక్కు కోరువాడు గాక ఊరి పెద్దలు చెప్పగా వ్రాసికొనిన మాట. 2023 జూన్ 30న ఆసిఫాబాదులో పోడు పట్టాల పంపిణీ ఆరంభమగుటకు ముందు, గ్రామములలో అధికారులు చేతి యంత్రములతో ఈ గట్ల వెంట నడచి హద్దులు గుర్తించిరి. ఉపగ్రహము ఆ గట్లపైనుండి ఎప్పటివలెనే పగలు పదిన్నర గంటల వేళ పోవుచుండెను.