వీధి చిత్రాన్ని కంప్యూటర్ చదివే తీరు

వీధి ఛాయాచిత్రాన్ని చూడగానే రహదారి ఏదో, గోడ ఏదో, రోడ్డు దాటుతున్న మనిషి ఎక్కడున్నాడో మనకు క్షణంలో తెలిసిపోతుంది. కంప్యూటర్‌కు మాత్రం ఆ చిత్రం పిక్సెళ్లనే సూక్ష్మ బిందువుల సమూహం. ప్రతి బిందువూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పాళ్లను తెలిపే మూడు సంఖ్యలు. ఏ బిందువు ఏ వస్తువుకు చెందుతుందో నిర్ణయించడాన్నే దృశ్య విభజన అంటారు. డ్రైవర్ లేని వాహనాలకు ఇదే ఆధారం.

1966లో అమెరికాలోని ఎంఐటీలో సెమోర్ పాపర్ట్ ఇటువంటి పనిని వేసవి ప్రాజెక్టుగా ప్రతిపాదించారు. అది దశాబ్దాల పరిశోధనగా మారింది. నేడు యంత్రానికి నియమాలు రాసి ఇవ్వడం లేదు. మనుషులే వేలాది చిత్రాల్లో ప్రతి వస్తువు అంచు వెంబడి గీత గీసి పేరు పెడతారు. న్యూరల్ నెట్‌వర్క్ తన అంచనాను ఆ జవాబుతో పోల్చుకుంటూ, పొరపాటు తగ్గేలా తన లెక్కలను సవరించుకుంటుంది.

2016లో వెలువడిన ‘సిటీస్కేప్స్’ సంకలనంలో 50 నగరాల వీధులున్నాయి. వాటిలో అత్యధికం జర్మనీవే. అందులో నిశితంగా గుర్తించిన 5,000 చిత్రాల్లో ఒక్కోదానికి సగటున గంటన్నరకు పైగా పట్టింది. అయితే అక్కడి క్రమబద్ధమైన వీధులను చూసి నేర్చుకున్న యంత్రం మన రోడ్లపై తడబడుతుంది. ఆటోరిక్షాకు అక్కడ ప్రత్యేక వర్గమే లేదు.

ఈ లోటును తీర్చేందుకు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు, ఇంటెల్ సంస్థతో కలిసి ‘ఇండియన్ డ్రైవింగ్ డేటాసెట్’ను రూపొందించారు. హైదరాబాద్, బెంగళూరు నగరాల్లోనూ శివార్లలోనూ సాగిన 182 ప్రయాణాల నుంచి సేకరించిన 10,000 చిత్రాలను 34 వర్గాలుగా గుర్తించారు. ఆటో, జంతువు, హోర్డింగ్ వేర్వేరు వర్గాలయ్యాయి. తారు రోడ్డు పక్కన, అవసరమైతే బండి దిగగలిగే మట్టి అంచుకు కూడా ప్రత్యేక గుర్తింపు దక్కింది.

యంత్రం గీసిన హద్దు, మనిషి గీసిన హద్దు ఎంతమేరకు కలుస్తున్నాయన్నదే కొలమానం. చిత్రంలో అధిక భాగం రోడ్డు, ఆకాశమే కనుక అన్ని బిందువులనూ కలిపి లెక్కిస్తే మంచి మార్కులే రావచ్చు. దూరాన కొద్ది బిందువులుగా కనిపించే పాదచారిని గుర్తించలేకపోయినా ఆ లోపం బయటపడదు. అందుకే ఒక్కో వర్గానికి విడిగా లెక్కించి సగటు తీస్తారు. అయినా అన్ని తప్పులూ సమానం కావు. బస్సును లారీ అనుకున్నా వాహనం ఆగుతుంది. మనిషిని రోడ్డు అనుకుంటే ఆగదు. వాన, పొగమంచు, మసక వెలుతురు దృశ్యాలతో ఈ పరిశోధకులు తరువాత సిద్ధం చేసిన సంకలనంలో ఇటువంటి ప్రమాదకరమైన పొరపాట్లకు ఎక్కువ మార్కులు తగ్గించే కొలమానాన్ని ప్రతిపాదించారు.