ఒంగోలు పల్లెల్లో బైబిలు చదువు

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టినప్పుడు ముందుగా ఆయన గుమ్మం తొక్కింది అగ్రకులాలవాళ్లు. వాళ్ల పిల్లల కోసం ఆయన బడి పెట్టాడు. అంతలో చుట్టుపక్కల పల్లెల నుంచి మాదిగలు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లల్ని పంపం అని ఊరి పెద్దలు తేల్చి చెప్పారు.

ఏం చేయాలో తోచక క్లౌ ఒంటరిగా ప్రార్థించి, చేతికందిన కొత్త నిబంధన తెరిచాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక కళ్లబడింది: లోకం ఎన్నిక చేయనివాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పే చోటు. భార్యతో చెప్పబోతే, ఆమె కూడా వేరే గదిలో, వేరే ప్రతిలో అక్కడికే వచ్చి ఆగిందని తెలిసింది. క్లౌ తన ఆత్మకథలో ఈ సంగతి రాసుకున్నాడు. విశ్వాసులు దీన్ని దేవుని నడిపింపు అంటారు. పౌలు మాటను క్లౌ దంపతులు ఎలా అర్థం చేసుకున్నారన్నది కూడా అంతే ముఖ్యం. గ్రీకు పట్టణంలోని ఒక చిన్న సంఘానికి పద్దెనిమిది వందల ఏళ్ల కిందట రాసిన ఉత్తరాన్ని ఒంగోలు మాదిగపల్లెకు వచ్చిన ఉత్తరంగా చదువుకున్నారు. అగ్రకులాల పిల్లలు బడి మానేశారు. మాదిగలకు తలుపు తెరుచుకుంది.

వచ్చినవాళ్లకు అక్షరం రాదు. పుస్తకం లేక కాదు. విశాఖపట్నంలో డేగ్రాంజ్, క్రాన్ అనే మిషనరీలతో కలిసి ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు పనిచేయగా, మూడు సువార్తలు తెలుగులో 1812లోనే శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. పంతొమ్మిదో శతాబ్దం సగానికి వచ్చేసరికి పూర్తి బైబిలే ఉంది. కానీ తరతరాలుగా వీధిబడి అరుగు ఎక్కనివ్వని జనానికి అచ్చుపుస్తకం ఎలా అందాలి?

ఆ దారి తెలిసినవాడు యెర్రగుంట్ల పేరయ్య. మాదిగ, తోళ్ల వ్యాపారి. క్రైస్తవం వినకముందే రాజయోగం అభ్యసించి, తనకంటూ శిష్యుల్ని సంపాదించుకున్న మనిషి. 1866లో బాప్తిస్మం పొందాడు. క్లౌ రెండో భార్య ఎమ్మా మాదిగల నోట విన్న కథలను 1899లో పుస్తకంగా వేసింది. అందులో పేరయ్య గురించి చదివితే, ఆ పల్లెలకు వేదాంత విచారణ కొత్తేమీ కాదని తెలుస్తుంది. గురువు నోట వినడం, తత్వాలు పాడుకోవడం, విన్నదాన్ని మనసులో తిప్పుకోవడం వాళ్లకు అప్పటికే అలవాటు. బైబిలు ఆ అలవాటులోకే వచ్చి కూర్చుంది.

పగలంతా పొలంలోనో తోలు పనిలోనో ఉండే మనుషులకు చీకటి పడ్డాకే తీరిక. వాక్యం బోధించే ఉపదేశకుడు ఒక్కో వచనం చెబుతాడు, అందరూ అందుకుని అంటారు. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, క్రీస్తు చెప్పిన ఉపమానాలు ఇలా నోటికి వచ్చేవి. అక్షరాలు నేర్చిన కుర్రవాడు తన వాళ్లందరికీ చదివి వినిపించేవాడు. ఒక్కడి చదువు పల్లె మొత్తానికీ చదువు. ఈనాటికీ తెలుగు సంఘాల్లో కంఠత వాక్యానికీ, సండే స్కూలు పిల్లల అప్పగింతకూ ఉన్న గౌరవం వెనుక ఈ చరిత్ర ఉంది. వేసవి సెలవుల బైబిలు బడుల్లో పోటీపడి కీర్తనలు అప్పజెప్పే పిల్లల పెద్దలకు ఇది తెలిసి ఉండాలి.

నేర్చుకున్నది నడవడికలో కనబడాలి కదా! కొత్తగా చేరినవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ ఆదివారం పనికి రామని మాదిగ చెప్పడం ఊరి పెత్తందార్లకు మింగుడుపడలేదు. విగ్రహాలకు మొక్కను కాబట్టి జాతరలో డప్పు కొట్టనంటే ఇంకా కోపం. విశ్రాంతి దినం గురించిన ఆజ్ఞను ఎవరైనా ధ్యానించవచ్చు. దాన్ని పాటించినందుకు పని పోగొట్టుకుని, దెబ్బలు తిన్నవాళ్లకు ఆ ఆజ్ఞ బరువు తెలుసు. గొప్ప వ్యాఖ్యానాలకు దొరకని అర్థం వాళ్లకు దొరికిందనడం అతిశయోక్తి కాదు.

1876లో కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇప్పించాడు. మేస్త్రీలుగా నిలబడింది ఉపదేశకులే. పని ఆపి కూర్చున్నప్పుడు కూలీలకు సువార్త చెప్పేవారు. అయినా గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం పనులు ముగిశాక 1878 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టాడు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మిషను చరిత్రలు ఎంతో గర్వంగా చెబుతాయి. అంతమందికి వాక్యం నేర్పడం అంతకంటే కష్టమైన పని. అందుకు రామాపట్నంలో 1872లో మొదలైన సెమినరీ ఉపదేశకుల్ని తయారుచేసింది, పల్లె బడులు పలకలు పట్టించాయి.

పాట చేసిన మేలు కూడా తక్కువది కాదు. పురుషోత్తమ చౌధరి రాసిన కీర్తనలు రాగతాళాలతో ఊరూరా వెళ్లాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటపాటకూ రాగం, తాళం పేర్లు ఉంటాయి. చదవలేని అవ్వ కూడా క్రీస్తు పుట్టుక నుంచి పునరుత్థానం దాకా కథంతా పాటల్లోనే చెప్పగలిగేది.

గుంటూరు సీమలో లూథరన్ బడులూ ఇదే పని చేశాయి. 1895లో వినుకొండలో పుట్టిన కవి గుర్రం జాషువ తర్వాత గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ బడిలో పాఠాలు చెప్పాడు. అంటరానివాడని అవమానాలు పడిన ఆ కవి, సువార్తల కథను తెలుగు పద్యంలోకి తెచ్చి ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు. ఆ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.