ఇంటి పన్ను ఎక్కువొచ్చిందా? కట్టే ముందు బిల్లులో ఇవి చూడండి

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, ఇంటి పన్ను కట్టండంటూ ఫోన్లకు మెసేజ్‌లు మొదలవుతాయి. చాలామంది యాప్ తెరిచి కట్టేస్తారు, అంతటితో మర్చిపోతారు. అసలు ఆ అంకె ఎలా వచ్చిందో చూసేవాళ్లు తక్కువ. డబ్బు పోయేది అక్కడే.

పన్ను రేటు మన చేతిలో లేదు, నిజమే. కానీ ఆ రేటును ఎన్ని చదరపు అడుగులకు వేశారు? ఇల్లు అని వేశారా, షాపు అని వేశారా? ఉంటున్నది ఓనరా, కిరాయిదారా? ఇవన్నీ ఎప్పుడో ఎవరో రికార్డులో ఎక్కించిన వివరాలు. అందులో ఒక్క తప్పు దొర్లినా ప్రతి ఏడాదీ బిల్లులో అదే వస్తుంది. మనం అడిగేదాకా ఎవరూ దిద్దరు.

మూడున్నరతో లెక్క

హైదరాబాద్‌లో ఇంటి పన్నుకు ఆధారం నెలవారీ అద్దె విలువ. ఏరియాను బట్టి చదరపు అడుగుకు నెలకు ఇంత అని జీహెచ్‌ఎంసీ రేటు పెడుతుంది. దాన్ని ఇంటి విస్తీర్ణంతో, ఆపై 12 నెలలతో గుణిస్తారు. అందులో 10 శాతం తరుగుదల కింద తీసేస్తారు. మిగిలినదానిపై పన్ను శాతం వేసి, దానికి 8 శాతం లైబ్రరీ సెస్ కలుపుతారు. నెల అద్దె విలువ 50 రూపాయల లోపుంటే పన్నే లేదు. ఆపైన 17, 19, 22 శాతం శ్లాబులున్నాయి. 300 దాటితే 30 శాతం. ఇవాళ సిటీలో చాలా ఇళ్లు ఆఖరి శ్లాబులోనే ఉంటాయి.

ఇంత లెక్క ఎందుకనుకుంటే ఒక సులువు ఉంది. 30 శాతం శ్లాబులో ఉన్న ఇంటికి విస్తీర్ణాన్ని చదరపు అడుగు రేటుతో, తర్వాత మూడున్నరతో గుణిస్తే దాదాపు ఏడాది పన్ను వచ్చేస్తుంది. ఉదాహరణకు వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్, రేటు రూపాయి అనుకుందాం. పన్ను 3,500. అదే ఫ్లాట్‌ను రికార్డులో 1,200 అడుగులని ఎక్కిస్తే 4,200. ఏడాదికి 700 తేడా. పదేళ్లు చూసుకోకపోతే 7 వేలు పోయినట్టే.

మీ బిల్లును ఇలా ఒకసారి లెక్కేసి చూడండి. దగ్గర్లోకి రాకపోతే ఎక్కడో తేడా ఉందని అర్థం. పీటీఐఎన్ నంబర్ కొడితే జీహెచ్‌ఎంసీ వెబ్‌సైట్‌లో బకాయిల వివరాలు వస్తాయి. కొలతల కోసం సర్కిల్ ఆఫీసులో అసెస్‌మెంట్ కాపీ అడగాలి.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. పన్నుకు చూసేది కార్పెట్ ఏరియా కాదు, ప్లింత్ ఏరియా. బాల్కనీ, గ్యారేజీ కూడా అందులోకే వస్తాయి. గదుల లోపల టేపు పట్టి కొలిచిన అంకెతో వెళ్తే అర్జీ నిలబడదు. సేల్ డీడ్, శాంక్షన్ ప్లాన్‌లో ఉన్న విస్తీర్ణంతో పోల్చుకోవాలి.

షాపు పోయినా షాపు పన్నే

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ వాడకం దగ్గరే. కమర్షియల్ రేటు ఇంటి రేటు కంటే బాగా ఎక్కువ. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒకప్పుడు కిరాణా షాపో, టైలర్ దుకాణమో ఉండి ఉంటుంది. ఖాళీ చేసి నాలుగేళ్లవుతుంది. ఇప్పుడక్కడ ఇంటివాళ్లే ఉంటున్నా, ఎవరూ చెప్పలేదు కాబట్టి రికార్డులో మాత్రం అది ఇంకా దుకాణమే. అలాంటప్పుడు వాడకం మారిందని రాసిచ్చి తనిఖీకి రమ్మని అడగాలి. ఫొటోలు, ఆ పోర్షన్ కరెంటు మీటర్ కేటగిరీ ఆధారంగా పనికొస్తాయి. మీటర్ ఇంకా కమర్షియల్‌లోనే ఉంటే ముందు దాన్ని మార్పించుకోవడం మంచిది. లేకపోతే ఇన్‌స్పెక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

అద్దెకిచ్చిన ఇంటికి అగ్రిమెంట్‌లో ఉన్న కిరాయిని చూస్తారు. ఓనరే ఉంటే చుట్టుపక్కల అలాంటి ఇళ్ల రేటు చూస్తారు. కిరాయిదారు వెళ్లిపోయి మీరే వచ్చి ఉంటున్నా ఆ సంగతి కూడా రికార్డులోకి ఎక్కాలి.

ఇంటికి తాళం వేసి ఉంటే?

ఖాళీగా ఉన్న ఇంటికి పన్నులో 50 శాతం రాయితీ ఉంది. దాన్ని వేకెన్సీ రెమిషన్ అంటారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి నెలల తరబడి ఉండిపోయే తల్లిదండ్రులు, ఇక్కడ ఫ్లాట్ కొని తాళమేసి దుబాయ్‌లో ఉద్యోగం చేసేవాళ్లు దీన్ని పట్టించుకోవడం తక్కువ. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే దరఖాస్తు పెట్టాలి, ఎందుకంటే సిబ్బంది వచ్చి చూడాలి. తిరిగొచ్చాక పాత నెలలకు అడిగితే నిరూపించడం కష్టం. కరెంటు బిల్లుల్లో యూనిట్లు కనీసంలో ఉంటే కొంత సాయపడతాయి.

సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకు, మాజీ సైనికులకు వాళ్లుంటున్న ఇంటికి మినహాయింపు ఉంది. అయితే అదీ దరఖాస్తు చేస్తేనే. ఏడాది పన్ను 1,200 రూపాయల లోపుండే ఇళ్లకు 101 రూపాయలే తీసుకునేలా 2016 జీహెచ్‌ఎంసీ ఎన్నికల ముందు సర్కారు నిర్ణయం తీసుకుంది. చిన్న ఇంటికి అంతకంటే ఎక్కువ వస్తుంటే ఎందుకని అడగండి.

బిల్లు ఒక్కసారిగా రెట్టింపై ఉంటే అనధికార నిర్మాణం పెనాల్టీ పడిందేమో చూడాలి. పర్మిషన్ లేని అంతస్తుకు అసలు పన్నుకు సమానంగా, అంటే 100 శాతం పెనాల్టీ వేస్తారు. ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అన్నీ ఉన్నా అది పడి ఉంటే కాపీలు పెట్టి తీసేయమని కోరవచ్చు. నిజంగానే పర్మిషన్ లేకపోతే మాత్రం చేసేదేం లేదు.

అర్జీ పెట్టాక

రివిజన్ పిటిషన్ సర్కిల్ ఆఫీసులో డిప్యూటీ కమిషనర్ పేరు మీద ఇవ్వాలి. సోమవారం ప్రజావాణిలోనూ ఇవ్వొచ్చు. పన్ను కొత్తగా పెంచుతూ స్పెషల్ నోటీసు వచ్చి ఉంటే అందులో రాసిన గడువు దాటనివ్వొద్దు. రసీదు నంబర్ లేకుండా వెనక్కి రావొద్దు. 'పై నుంచి చూసుకుంటాం, ఇంత ఇవ్వండి చాలు' అనే మధ్యవర్తి ప్రతి ఆఫీసు బయటా ఉంటాడు. అతను తగ్గించే పద్ధతి ఒక్కటే, విస్తీర్ణం తక్కువ చేసి రాయించడం. తెలంగాణ మున్సిపల్ చట్టం 2019 ప్రకారం సొంతంగా ఇచ్చే పన్ను వివరాల్లో అబద్ధం ఉంటే పన్నుకు 25 రెట్లు జరిమానా. ఆ జరిమానా కట్టాల్సింది ఓనరే, మధ్యవర్తి కాదు.

అర్జీ పెట్టాం కదా అని పన్ను ఆపడం తెలివైన పని కాదు. లేటైతే నెలకు 2 శాతం వడ్డీ. 3,500 పన్నుకు ఏడాది ఆలస్యమైతే 840 అదనం. అదే ఎర్లీబర్డ్ కింద ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తం కట్టేస్తే 5 శాతం, అంటే 175 మిగులుతుంది. ఈ రాయితీ ఆ ఏడాది పన్నుకే, పాత బకాయిలకు ఉండదు. ముందు కట్టేసి, ఎక్కువ తీసుకున్నది తర్వాతి బిల్లులో సర్దమని అర్జీలోనే రాయడం మేలు.

ఇక పాత బకాయిలున్నవాళ్లు చూసేది ఓటీఎస్ కోసం. 2020, 2022, 2024, 2025ల్లో వడ్డీలో 90 శాతం మాఫీ చేస్తూ ఈ స్కీమ్ తెచ్చారు. ఏటా టైమ్‌కు కట్టేవాళ్లకు ఒళ్లు మండే విషయమే. కానీ మళ్లీ వస్తుందన్న గ్యారంటీ లేదు, ఈలోపు రెడ్ నోటీసు రావచ్చు.

ఏపీలో లెక్క వేరు

ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువపై పన్ను వేస్తున్నారు. పన్ను ఏడాదికి 15 శాతం మించి పెరగకూడదని పరిమితి పెట్టారు. అందుకే విశాఖ, విజయవాడ వాళ్లు ముందు నిరుటి రసీదు, ఈ ఏటి బిల్లు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఇంటికి కొత్తగా ఏమీ కట్టకుండానే 15 శాతం దాటి పెరిగితే సచివాలయంలో అడగాలి. 375 చదరపు అడుగుల లోపు సొంత ఇంట్లో ఉండేవాళ్లకు ఏడాదికి 50 రూపాయలే. ఏప్రిల్‌లో మొత్తం కడితే 5 శాతం రాయితీ అక్కడా ఉంది.

తెలంగాణలో జీహెచ్‌ఎంసీ బయటి మున్సిపాలిటీల్లో 75 చదరపు గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు వరకు కట్టుకున్న ఇంటికి ఏడాది పన్ను 100 రూపాయలు. అంతకు మించి వస్తే స్థలం కొలతే తప్పు పడిందేమో ముందు చూసుకోండి.